ఎల్లప్ప అనే దేవభూషణం

పోయిన వారం అంజలైని గుడియాత్తం తాలూకా ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అక్కడే ఉందనుకునేరు. లేదు, లేచి ఇంటికి వచ్చింది. వచ్చి అన్నం వండింది, అత్తకు పెట్టింది, కూతురికి పెట్టింది, తనూ తిన్నది. మనిషి పోయిన ఇంట్లో ఇవన్నీ ఎట్లా జరుగుతాయని అడిగేవాళ్ళు ఇంకా అలాంటి ఇంట్లో ఉండి చూడలేదన్నమాట.

సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. అంజలై భర్త ఎల్లప్ప సర్కారు బస్సు డిపోలో ఫిట్టరు. కడుపులో పుండుతో వేలూరు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు పడుకుని, సెప్టెంబరు ఇరవై ఒకటిన పోయాడు. సర్వీసులో ఉండగా పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఆ ఊళ్ళో దాన్ని వారిసు వేల అంటారు. కూతురు చిన్నమణి ఎస్సెస్సెల్సీ పాసై టైపు నేర్చుకుంది. ఆ పిల్ల కాగితాలు ఒక్కో బల్ల దాటుకుంటూ చివరి బల్ల దాకా వచ్చి అక్కడ ఆగిపోయాయి. ఎల్లప్ప హిందువు కాడు, క్రైస్తవుడు, అతనికి ఉద్యోగం తెచ్చిన కులం సర్టిఫికెట్టు చెల్లదు అని ఎవరో ఉత్తరం రాశారట. సంతకం లేని ఉత్తరమట. అలాంటిదాన్ని అక్కడ మొట్ట కడిదాసి అంటారు, అంటే బోడి ఉత్తరం. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., విచారణకు వస్తాడని ప్యూను చెప్పగానే అంజలై మెట్ల మీద కూలబడింది. మనం ఆపింది అక్కడే.

ఇంతకీ ఆ ఉత్తరంలో రాసింది నిజమేనా? నిజమే. ఆ వీధిలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడిలో వేసే పేరు ఒకటి, గుడిలో, అంటే చర్చిలో, పెట్టే పేరు ఒకటి. వాళ్ళు ముత్తాతల నాడు చిత్తూరు వైపు నుంచి తోళ్ళ పనికి దిగివచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుడిలో తెలుగు పాటలు పాడతారు, కానీ ఒకరిద్దరికి తప్ప తెలుగు చదవడం రాదు. ఆ పాటలు కూడా తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు. సర్కారు కాగితంలో వాళ్ళు హిందూ ఆది ఆంధ్ర. ఆదివారం మాత్రం ఏసు బిడ్డలు. ఆదివారం సర్కారుకు సెలవు కాబట్టి ఈ రెండూ ఎదురుపడకుండా రెండు తరాలు గడిచిపోయాయి. ఏసును నమ్ముకున్నవాడి కులం గుడి గడప దగ్గర ఊడిపోతుందని చట్టం అనుకుంటుంది. గుడియాత్తంలో మాత్రం అట్లా ఎవరూ అనుకోరు. టీ కొట్టువాడు అసలే అనుకోడు.

ఎల్లప్పకు గుడిలో పెట్టిన పేరు దేవభూషణం.

అక్టోబరు ముప్పయ్యో తేదీన మునియప్పన్ వచ్చాడు. డిపో యూనియన్ సెక్రటరీ, ఎల్లప్పకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు, దేవుడే లేడనే కట్చి మనిషి, కట్చి అంటే పార్టీ. వేలూరు నుంచి శవాన్ని తెచ్చినప్పుడు పాడె మీద యూనియన్ జెండా కప్పింది ఆయనే. చిన్నమణి కాగితాలను ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి నడిపించిందీ ఆయనే. వచ్చి గడప మీద కూర్చుని నీళ్ళు తాగి, నవంబరు రెండున మీ కల్లరై పండగ కదా అని అడిగాడు.

కల్లరై అంటే సమాధి. ఆ రోజు పొద్దున గుడిలో ఆ ఏడాది నిద్రించినవారి పట్టీ చదువుతారు. వాళ్ళు చనిపోయినవారని అనరు, ప్రభువునందు నిద్రించినవారు అంటారు. ఒక్కో పేరుకూ గంట ఒకసారి కొడతారు. పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. గంట మోత ఆగేదాకా నిలబడి కూర్చుంటారు. తర్వాత అందరూ వెనక ఉన్న సమాధుల తోటకు పోయి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

"ఆ పేరుకు మీరు లేచి నిలబడినారంటే ఆర్.ఐ.కి ఇంకో సాక్షి అక్కర్లేదు, తంగచ్చి," అన్నాడు మునియప్పన్, చెల్లెలితో చెప్పినట్టు. "ఈ ఒక్క ఏడాది చదవద్దని చెప్పు. సామి అనేవాడు ఉంటే ఆయనకు తెలవదా ఏమి?"

దేవుణ్ణి నమ్మని మనిషి దేవుడి తరఫున పూచీ పడుతుంటే ఇంకో రోజైతే అంజలై నవ్వేది. ఇప్పుడు సరే అన్నది.

ఆమెకు ఏమీ అనిపించలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎట్లా ఉంటుందో, నలభై రోజులుగా ఒళ్ళంతా అట్లా ఉంది. మట్టి వేసేటప్పుడు ఏడవలేదు. మూడో వారం తీపెట్టి కంపెనీకి పనికి పోయి ఎప్పటిలాగే అగ్గిపుల్లలు పెట్టెల్లో నింపింది. లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. ఏడవని ఆడదాన్ని చూసి పక్క బల్లల వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. అదీ ఆమెకు తెలుసు. ఎవరి మీదా కోపం రాలేదు. చిన్నమణికి ఉద్యోగం రావాలి అన్న ఒక్క మాట మాత్రం లోపల గట్టిగా ఉంది. దాన్ని పట్టుకుని లేస్తోంది, దాన్ని పట్టుకుని పడుకుంటోంది.

ఒకటో తేదీ మధ్యాహ్నం పాస్టరయ్య ఇంటికి పోయింది. ఆయనది ఆర్కాడు. వచ్చి రెండేళ్ళయింది, నిదానస్తుడు. వరండాలో పట్టీని ముందు పెట్టుకుని సరిచూసుకుంటున్నాడు. పదకొండు పేర్లు, తేదీల వరసలో. అంజలై నిలబడే విషయం చెప్పింది. చిన్నమణి నాయన పేరు రేపు చదవద్దన్నది. ఎందుకో కూడా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

తిడతాడేమో అనుకున్నది. ఆయన తిట్టలేదు. ఆ కాగితం మీద వేలు ఆనించి మెల్లగా మాట్లాడాడు. ప్రభువులో పోయినవాళ్ళు పోయినవాళ్ళు కారని, ఆయన ఎదుట బతికే ఉన్నారని, వాళ్ళ పేర్లు ఆయన దగ్గర భద్రంగా ఉంటాయని, అక్కడ కొట్టేసే గుమాస్తా ఎవరూ లేడని చెప్పాడు. నిత్యజీవం అంటే ఎప్పుడో రాబోయేది మాత్రమే కాదని, ఎల్లప్ప బాప్తిస్మపు నీళ్ళలో మునిగిన రోజే మొదలైందని, ఆసుపత్రి మంచం దాన్ని ఆపలేదని కూడా అన్నాడు. అంజలై అన్నీ విన్నది. మంచి మాటలని తెలుస్తూనే ఉంది. గాజు తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది.

అయితే చదవడం ఎందుకయ్యా అని అడిగింది. తెలుసుకోవాలని కాదు, ఆయన ఆగాడు కాబట్టి ఏదో ఒకటి అడగాలి.

"మనకోసరమమ్మా," అన్నాడు పాస్టరయ్య. "ఆయన మరిచిపోయేవాడు కాదు. మనం మరిచిపోతాం."

తర్వాత జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. బలవంతంగా తాను చదవనని, అయితే కొట్టేయడం కూడా తన వల్ల కాదని చెప్పాడు. ఆ మనిషి మీద మొదటి పిడికెడు మన్ను వేసింది తానే. మీ ఇంటి మనిషి, వద్దంటే నువ్వే కొట్టేయమ్మా అన్నాడు.

తొమ్మిదో వరసలో ఉంది పేరు. అంజలైకి తమిళం చదవడం వచ్చు. దేవభూషణం, వయసు నలభై ఆరు. పెన్ను తీసుకుని ఆ వరస మీద ఒక గీత గీసింది. గీత వంకర పోలేదు. పెన్ను మూత పెట్టి ఇచ్చి, చెప్పులు వేసుకుని, కౌండిన్య నది వంతెన మీదుగా ఇంటికి నడిచింది. నదిలో ఎప్పటిలాగే నీళ్ళు లేవు.

ఇక మిగిలింది అత్త. పాపాతికి డెబ్బై దాటాయి. ఐదుగురిని కన్నది, ముగ్గురిని చిన్నప్పుడే మన్నులో పెట్టింది, కూతురు కోలారులో ఉంటుంది. ఎల్లప్ప చివరివాడు. ఆమె వారం రోజులుగా ఈ పండగ కోసమే బతుకుతోంది. చీర ఉతికి మడతపెట్టింది, సున్నం నానబెట్టింది, పక్కింటి చెంగమ్మకు బంతిపూలు చెప్పిపెట్టింది.

అంజలై దాచలేదు. పేరు కొట్టేసినా అత్తా అన్నది. పాపాతి పీట మీదనుంచి తలెత్తి చూసింది.

"నువ్వే కొట్టేసినావా?"

"నేనే."

ముసలామె చీర మడత విప్పి మళ్ళీ పెట్టింది. ఆమె నమ్మకం పాస్టరయ్య నమ్మకమంత నున్నగా ఉండదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. చివరి రోజున బూర ఊదుతారు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు, పిలిస్తే లేస్తారు.

"నా బిడ్డ నిద్రపోతా ఉండాడని చెప్పి నన్ను ఓదార్చినారు," అన్నది. "నిద్రపోయేవాణ్ణి పేరు పెట్టి పిలవాల కదమ్మా. ఇంట్లోవాళ్ళమే పిలవకపోతే వాడు ఎట్లా లేస్తాడు?"

"ఈ బిడ్డ ఎట్లా బతకాల అత్తా?" అన్నది అంజలై.

తలుపు దగ్గర చిన్నమణి నిలబడి ఉంది. తనకు ఆ ఉద్యోగం వద్దని అంటుందేమోనని ఇద్దరూ చూశారు. చిన్నమణి అనలేదు. ఆ పిల్లకు ఉద్యోగం కావాలి. చాలా కావాలి. టైపు మిషను ముందు కుర్చీలో కూర్చోవాలని, తల్లిలాగా ఇరవై ఏళ్ళు గంధకం వాసన పీల్చకూడదని కోరిక. నాన్న పేరుకు బదులుగా వస్తున్నా అది కావాలనిపిస్తున్నందుకు సిగ్గుతో తల దించుకుంది. నేనైతే ఆ పిల్లను తప్పుపట్టను. పంతొమ్మిదేళ్ళకు బతకాలని ఉండడం పాపమైతే మనలో ఎవరూ మిగలం.

పాపాతి లేచి సున్నం కలపడానికి పోయింది. అంత తేలిగ్గా ఊరుకున్నందుకు అంజలై అనుమానపడాల్సింది. అనుమానపడడానికి కూడా లోపల ఏదో ఒకటి కదలాలి కదా. కదలలేదు.

మరునాడు బుధవారం. పొద్దున ఎనిమిదికి గుడి నిండిపోయింది. పేర్ణాంబట్టు నుంచి, కాట్పాడి నుంచి కూడా చుట్టాలు వచ్చారు. ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో ముగ్గురూ కూర్చున్నారు. గోడ పక్కన పాపాతి, మధ్యలో చిన్నమణి, ఈ చివర అంజలై. పాట నడుస్తుండగా అంజలై ఒకసారి వెనక్కి చూసింది. ఆఖరి బల్ల మీద ఒక మనిషి ఉన్నాడు. నుదుట విభూతి, ఒళ్ళో గోధుమరంగు ఫైలు. చెప్పులు బయటే విడిచి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఒద్దికగా కూర్చున్నాడు. తాలూకా ఆఫీసు వరండాలో ఆయన్ని ఇంతకుముందు చూసింది. ఆర్.ఐ. రాఘవన్.

వస్తాడనుకున్నదే. పేరు లేదు, లేవనక్కర లేదు, చూసి పోతాడు. అంతే అనుకున్నది.

పాస్టరయ్య పట్టీ తీశాడు. జనవరిలో నిద్రించిన ఒక ముసలాయనతో మొదలైంది. పేరు, గంట, ఎక్కడో ఒక కుటుంబం లేచిన చప్పుడు, మళ్ళీ పేరు. మార్చి, మే, జూలై. ఆగస్టులో పసిబిడ్డ పేరొకటి వచ్చింది. దానికి ఇద్దరే లేచారు, తల్లీ తండ్రీ. ఆ తర్వాత పాస్టరయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆగాడా, లేక అంజలైకి అట్లా అనిపించిందా చెప్పలేను. తర్వాత అక్టోబరు పేర్లు చదివాడు. పది పేర్లు, పది గంటలు. కాగితం మడిచి, ప్రార్థన చేద్దాం అనబోయాడు.

గోడ పక్కన పాపాతి లేచింది.

ముందు బల్లను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. సంతలో తప్పిపోయిన బిడ్డను పిలిచినట్టు కాస్త గొంతెత్తి స్పష్టంగా అన్నది.

"ఎల్లప్ప అనే దేవభూషణం."

గంట దగ్గరున్న మనిషికి కొట్టివేతల సంగతి తెలియదు. పేరు వినపడింది, అలవాటు ప్రకారం కొట్టాడు.

ఒక్క దేవభూషణం అని ఊరుకుని ఉంటే కొంతైనా దారి మిగిలేది. ఆ పేరు తాలూకా ఆఫీసులో ఏ కాగితంలోనూ లేదు, ఎవరో దేవభూషణమట అనుకోవచ్చు. కానీ ఆ తల్లి బిడ్డను కన్నప్పుడు పెట్టుకున్న పేరు ఎల్లప్ప. ఏడేళ్ళు ఆ పేరుతోనే పిలిచిన తర్వాత కదా బాప్తిస్మం. మనం అర్జీల్లో రెండో పేరు కూడా రాస్తాం చూడండి, మనిషి మారిపోకూడదని, ఆమె చేసిందీ అదే. దేవుడు పొరపాటు పడకూడదని రెండు పేర్లూ కలిపి చెప్పింది. దేవుడి సంగతి ఏమో, సర్కారుకు మాత్రం ఇంక పొరపాటు పడే అవకాశం లేదు.

గుడి అంతా ఇటు తిరిగింది. గంట ఇంకా మోగుతోంది. చిన్నమణి తల్లి ముఖంలోకి చూసింది, లేచి నానమ్మ పక్కన నిలబడింది. కావలసిన ఉద్యోగం ఆ పిల్లది, తల్లికంటే ముందు లేచిందీ ఆ పిల్లే. ఇక అంజలై ఒక్కతే కూర్చుని ఉంది. కూర్చుని ఉండడానికి కారణం ఏమీ మిగల్లేదు. లేచింది. ముగ్గురూ గంట మోత ఆగేదాకా నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూడలేదు.

సమాధుల తోటలో ఎల్లప్పది ఇంకా రాయి లేని మట్టిదిబ్బ. పాపాతి చుట్టూ సున్నం గీత వేసి, బంతిపూలు పరిచి, తన పని తాను చేసుకుంటోంది. చుట్టుపక్కల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, పిల్లలు మైనం ముద్దలు ఏరుకుంటున్నారు. రాఘవన్ ఫైలు చంకన పెట్టుకుని సమాధుల మధ్య ఎవరి మీదా అడుగు పడకుండా జాగ్రత్తగా నడిచి వచ్చాడు. తాను ఎవరో చెప్పాడు. చెప్పనక్కర లేదు.

"లోపల పెద్దామె రెండు పేర్లు చెప్పినాది," అన్నాడు. తెలుగులోనే అన్నాడు, గొంతు తగ్గించి. "నేను కడా బల్లలో ఉండినా. మొదటి పేరు సరిగా వినపడలా. రెండోది మాత్రం విన్నా. అది ఒకటే రాసుకుని పోనా అమ్మా?"

వినపడకపోవడమేమిటి, బయట సైకిలు స్టాండు దాకా వినపడింది. ఆయన అబద్ధం చెబుతున్నాడని అంజలైకి అర్థమైంది. ఎందుకు చెబుతున్నాడో కూడా అర్థమైంది. తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. దేవభూషణం ఎవరో, ఎల్లప్ప ఎవరో. చిన్నమణి వచ్చే నెల డిపో ఆఫీసులో కుర్చీలో కూర్చుంటుంది.

అంజలై దిబ్బ వైపు చూసింది. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో చిన్నమణి నాయన అన్నదే గాని, ఆ మనిషి పేరు ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. రేషను ఆఫీసులో అడిగితే పక్కవాళ్ళు చెప్పేవాళ్ళు.

"ఎల్లప్ప," అన్నది. "ఎల్లప్ప, దేవభూషణం. రెండూ నా మొగుడే సార్."

రాఘవన్ ఏమీ రాసుకోలేదు. ఫైలు తెరిచి మడతలు పడ్డ ఒక కాగితం తీశాడు. ఆ ఉత్తరం అదేనని చెప్పాడు. పై భాగం చేత్తో మూసి, అడుగున ఉన్న సంతకం చోటు మాత్రం ఆమెకు చూపించాడు. అక్కడ గుండ్రంగా ఏవో గీతలున్నాయి.

"మొదటి వరసలో నేను అని లేదు, ఎల్లప్ప అనే ఉండాది. ప్యూను అది చదివి, కింద దీన్ని చూసి ఏదో పిచ్చిగీత అనుకున్నాడు. సంతకం లేదని ఊరంతా చెప్పినాడు. మా అమ్మది చిత్తూరమ్మా, నాకు కొంచెం చదవను వచ్చు. ఇది గీత కాదు, తెలుగు. ఆసుపత్రిలో రాసిండాడు, సెప్టెంబరు పద్దెనిమిదిన."

అంజలైకి తెలుగు చదవడం రాదు. కానీ ఆ గుండ్రాలు తెలుసు. ఎల్లప్పకు చిన్నప్పుడు వాళ్ళ నాయన నేర్పిన తన పేరులోని మూడు అక్షరాలే తెలుగులో వచ్చు. చిన్నమణి పుట్టినరోజున తలుపు వెనక సుద్దతో అవే రాశాడు, కొత్త టార్చిలైటు కొంటే దాని అడుగున అవే గీకాడు. ఆమె చదవలేకపోయింది, గుర్తుపట్టింది. ఏ పగవాడో కూతురి దారికి అడ్డంగా దొర్లించిన రాయి అనుకున్న ఆ ఉత్తరాన్ని ఆయనే తన చేత్తో పెట్టి పోయాడు. పోవడానికి మూడు రోజుల ముందు, ఆ నొప్పిలో, కూర్చుని రాశాడు. కళ్ళు మండాయి. నలభై రెండు రోజుల్లో ఒంట్లో ఏదైనా తెలియడం అదే మొదలు.

"ప్యూను చూసింది ఒక్క వరసే," అన్నాడు రాఘవన్. "ఇంకా పన్నెండు వరసలు ఉండాయి. అన్నీ ఈ బిడ్డ గురించే, తన అబద్ధం దీని మీద పడకూడదని. ఇక్కడ చదువుతావా, ఇంటికి పోయి చదువుతావా?"

అంజలై చెయ్యి చాపింది. నిన్న మధ్యాహ్నం ఆయన పేరు కొట్టేసింది ఆ చెయ్యితోనే.